పనికిరానివారి పక్షాన ఒక కాపరి

లూకా సువార్త 16వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన లాజరు కథ మనందరికీ తెలుసు. ధనవంతుని వాకిట్లో ఒళ్లంతా కురుపులతో పడి ఉన్న దరిద్రుడు లాజరు. అతడు ఏ పనీ చేయలేడు. ఎవరికీ ఏమీ ఇవ్వలేడు. అతని వల్ల ఊరికి చిల్లిగవ్వ లాభం లేదు. అయినా ఆ కథలో ధనవంతుని పేరు ప్రభువు చెప్పలేదు, లాజరు పేరు మాత్రం చెప్పాడు. లోకం లెక్కలో లేని మనిషి దేవుని లెక్కలో పేరుతో సహా ఉన్నాడన్నమాట! చదివేందుకు ఎంతో తేలికగా ఉన్న ఈ సత్యాన్ని ఒక దేశ ప్రభుత్వం చట్టాలతోనూ, ఆస్పత్రులతోనూ, విషవాయువుతోనూ కాదన్న రోజులు చరిత్రలో ఉన్నాయి. ఆ రోజుల్లో ఈ సత్యం పక్షాన నిలబడి, చివరికి ఉరికంబమెక్కిన దైవజనుడు డీట్రిక్ బోన్‌హోఫర్.

బోన్‌హోఫర్ పేరు మన సంఘాల్లో చాలామందికి పరిచయమే. శిష్యత్వాన్ని గురించి ఆయన రాసిన పుస్తకాన్ని మన పాస్టర్లు ప్రసంగాల్లో తరచుగా ప్రస్తావిస్తుంటారు. హిట్లర్‌ను ఎదిరించి హతసాక్షి అయ్యాడని కూడా మనం విన్నాం. కానీ రోగులు, వికలాంగులు, మతిస్థిమితం లేనివారి బతికే హక్కు కోసం ఆయన ఎంత లోతుగా ఆలోచించాడో మనలో కొద్దిమందికే తెలుసు. విశ్వాసం, రాజకీయం, వైద్యం అనే మూడూ ఆయన జీవితంలో ఒకేచోట కలుసుకున్నాయి.

వైద్యుని ఇంట వేదాంతి

బోన్‌హోఫర్ 1906 ఫిబ్రవరి 4న అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో పుట్టాడు. ఆ నగరం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఎనిమిది మంది సంతానంలో ఆయన ఆరోవాడు. కవల చెల్లెలు సబీన ఏడవది. తండ్రి కార్ల్ బోన్‌హోఫర్ మనోవ్యాధులకు, నరాల వ్యాధులకు చికిత్స చేయడంలో పేరుపొందిన వైద్యుడు. 1912లో ఆ కుటుంబం బెర్లిన్‌కు వెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా, షారిటే ఆస్పత్రిలోని మనోవ్యాధుల విభాగం అధిపతిగా కార్ల్ బోన్‌హోఫర్ 1938 దాకా పనిచేశాడు. తల్లి పౌలా వేదాంతుల వంశం నుంచి వచ్చింది. పిల్లలకు పాటలు, ప్రార్థనలు నేర్పింది ఆమే. ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్లే అలవాటు మాత్రం ఆ ఇంట్లో పెద్దగా లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, అన్న వాల్టర్ చనిపోయాడు. తల్లి దుఃఖాన్ని పన్నెండేళ్ల డీట్రిక్ కళ్లారా చూశాడు. కొన్నేళ్లకే తాను వేదాంతం చదువుతానన్నాడు. సైన్సు, న్యాయశాస్త్రం వైపు మొగ్గిన అన్నలకు అది వింతగా తోచింది. అయినా అతడు మాట మార్చుకోలేదు. 21 ఏళ్లకే, 1927లో, డాక్టరేట్ పూర్తి చేశాడు. బార్సిలోనాలోని జర్మన్ సంఘంలో సహాయ కాపరిగా పనిచేసి, 1930లో న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీకి వెళ్లాడు. అక్కడ హార్లెం ప్రాంతంలో నల్లజాతీయుల అబిసీనియన్ బాప్టిస్టు చర్చికి వెళ్తూ, సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పాడు. రంగును బట్టి మనిషికి విలువ కట్టే సమాజం ఎలా ఉంటుందో అక్కడ దగ్గరగా చూశాడు. తిరిగివచ్చాక 1931 నవంబరులో పాస్టరుగా అభిషేకం పొందాడు. అప్పుడాయన వయసు 25 ఏళ్లు మాత్రమే.

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ చాన్సలర్ అయ్యాడు. రెండు రోజుల తర్వాత బోన్‌హోఫర్ రేడియోలో ప్రసంగిస్తూ, నాయకుణ్ణి విగ్రహంగా చేసుకునే జనానికి వచ్చే ప్రమాదాన్ని హెచ్చరించాడు. ప్రసంగం పూర్తికాకముందే ప్రసారం ఆగిపోయింది. ఏప్రిల్ 1న యూదుల దుకాణాలను బహిష్కరించమని నాజీలు పిలుపునిచ్చి, వాకిళ్లలో తమ దళాలను నిలబెట్టారు. బోన్‌హోఫర్ నాయనమ్మ జూలీకి అప్పటికి 90 ఏళ్లు దాటాయి. ఆ దళాల మధ్య నుంచే తిన్నగా నడిచివెళ్లి ఆమె ఒక యూదుని దుకాణంలో సరుకులు కొనుక్కుంది! అలాంటి నాయనమ్మ పెంపకంలో పెరిగిన ఇల్లది.

అదే ఏప్రిల్‌లో బోన్‌హోఫర్ సంఘానికీ ప్రభుత్వానికీ మధ్య ఉండాల్సిన సంబంధాన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. ప్రభుత్వం తప్పు చేస్తున్నప్పుడు సంఘానికి మూడు బాధ్యతలున్నాయన్నది ఆ వ్యాసంలోని ముఖ్యాంశం. న్యాయం చేయవలసిన నీవు న్యాయం చేస్తున్నావా అని ప్రభుత్వాన్ని అడగడం మొదటిది. ప్రభుత్వం చేతిలో నలిగిపోయినవారు క్రైస్తవులు కాకపోయినా సరే, వారికి సాయపడడం రెండోది. తప్పనిసరి అయినప్పుడు ఆ నలగ్గొట్టే చక్రాన్నే ఆపడానికి పూనుకోవడం మూడోది. ఆయన తర్వాతి పన్నెండేళ్ల జీవితం ఈ మూడు మెట్ల మీదుగానే నడిచింది.

బెతేల్‌లో కనబడిన సంఘం

ఆ సంవత్సరం జూలై 14న నాజీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్యంగా వస్తాయని వారు భావించిన జబ్బులున్నవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలన్నది ఆ చట్టం. పుట్టుకతో వచ్చే బుద్ధిమాంద్యం, మూర్ఛ, కొన్ని మానసిక వ్యాధులు, వంశపారంపర్య అంధత్వం, చెవుడు ఆ జాబితాలో ఉన్నాయి. మితిమీరి తాగేవారిని కూడా చేర్చారు. రోగి ఒప్పుకోకపోయినా బలవంతంగా ఆపరేషన్ చేయవచ్చు. నిర్ణయం తీసుకోవడానికి ప్రత్యేక న్యాయస్థానాలు పెట్టి, వాటిలో డాక్టర్లను కూర్చోబెట్టారు. 1945 నాటికి ఈ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు జరిగాయి.

చట్టం వచ్చిన మరుసటి నెలలోనే బోన్‌హోఫర్ బెతేల్‌కు వెళ్లాడు. బీలెఫెల్డ్ నగరం దగ్గర ఉన్న బెతేల్, 1867లో మూర్ఛరోగుల కోసం ప్రొటెస్టెంటు క్రైస్తవులు ప్రారంభించిన ఆశ్రమం. కాలక్రమేణా అది రోగులు, డాక్టర్లు, పరిచారికలు, వేదాంత విద్యార్థులు కలిసి బతికే ఒక ఊరుగా ఎదిగింది. దాని అధిపతి పాస్టర్ ఫ్రీడ్రిక్ ఫాన్ బోడెల్‌ష్వింగ్. నాజీల అబద్ధ బోధకు జవాబుగా ఒక విశ్వాస ప్రకటనను తయారుచేయడం కోసం బోన్‌హోఫర్‌ను, మరికొందరిని అక్కడికి పిలిచారు.

ప్రకటన రాయడానికి వెళ్లిన యువ పాస్టరును అక్కడి ఆదివారపు ఆరాధన కదిలించింది. మూర్ఛరోగులు వరుసగా కూర్చుని ఉన్నారు. ఎవరైనా పడిపోతే పట్టుకోవడానికి పరిచారికలు వారి మధ్యనే ఉన్నారు. ఇల్లూవాకిలీ లేని ముసలివారు, పిల్లలు, డాక్టర్లు, కుటుంబాలతో వచ్చిన పాస్టర్లు అందరూ కలిసి దేవుణ్ణి స్తుతిస్తున్నారు. ఆరోగ్యవంతులు మర్చిపోయిన ఒక నిజం, అంటే మనిషి తనంతట తాను నిలవలేడన్న నిజం, ఈ రోగుల జీవితంలో తేటగా కనబడుతోందని ఆయన నాయనమ్మకు రాసిన ఉత్తరంలో తెలియజేశాడు. రోగులను చట్టాల ద్వారా లేకుండా చేయవచ్చనుకోవడం మళ్లీ బాబెలు గోపురం కట్టడం లాంటిదేనని ఆయనకు తోచింది. జర్మనీలో రోగులను చంపడం ఇంకా మొదలు కాలేదు. దానికి ఇంకా ఆరేళ్లు ఉంది. కానీ ఆ దారి ఎటు పోతుందో 27 ఏళ్ల బోన్‌హోఫర్‌కు అప్పుడే అర్థమైంది.

విశ్వాస ప్రకటన సంగతి వేరేగా పరిణమించింది. ముసాయిదాను పెద్దలు పదేపదే సవరించి, ముఖ్యంగా యూదుల గురించిన భాగంలో, పదును పోగొట్టారు. చివరికి రాసిన బోన్‌హోఫరే దాని మీద సంతకం చేయలేదు.

మంచివారు వేసిన మొదటి అడుగు

ఇక్కడ మనం ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. ఆ చట్టాన్ని అమలు చేసినవాళ్లందరూ క్రూరులు కారు. చాలామంది చదువుకున్నవారు, మర్యాదస్తులు, చర్చికి వెళ్లేవారు కూడా! చంపడాన్ని వ్యతిరేకించిన క్రైస్తవ సేవాసంస్థల పెద్దలే, 1931లో ట్రైజా అనే చోట సమావేశమై, కొన్ని సందర్భాల్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం తప్పు కాదన్నారు. చట్టం అమలయ్యాక బెతేల్‌లోని రోగులకు కూడా ఆ ఆపరేషన్లు జరిగాయి.

బోన్‌హోఫర్ సొంత ఇంట్లోనే ఈ చిక్కు ఉంది. తండ్రి కార్ల్ నాజీలను అసహ్యించుకున్నాడు. అయినా పేరుమోసిన నిపుణునిగా ఆపరేషన్ల కేసుల్లో అభిప్రాయాలు ఇచ్చాడు, ఆ చట్టం విషయమై డాక్టర్లకు శిక్షణ తరగతులు నిర్వహించాడు. వ్యాధి నిర్ధారణను కఠినం చేసి, వీలైనంతమందిని తప్పించాలన్నది ఆయన ఉద్దేశమని కొందరు చరిత్రకారులంటారు. ఉద్దేశం ఏదైనా ఆ చట్టానికి ఆయన పేరు గౌరవం తెచ్చిపెట్టిందని మరికొందరంటారు. ప్రేమించే కొడుకు, గౌరవించదగ్గ తండ్రి, ఇద్దరూ ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. అన్యాయపు చట్టం లోపల ఉండి మేలు చేయవచ్చా, లేక బయట నిలబడి కాదనాలా అన్న ప్రశ్న అంత తేలికైనది కాదని ఈ కుటుంబమే మనకు చెబుతోంది.

మొదటి అడుగు పడ్డాక రెండోది ఆలస్యం కాలేదు. బతకడానికి అర్హత లేని జీవితం అనే మాటను 1920లోనే కార్ల్ బిండింగ్ అనే న్యాయశాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ హోహె అనే మనోవ్యాధి వైద్యుడు కలిసి ఒక పుస్తకంగా ప్రచారంలోకి తెచ్చారు. 1939 అక్టోబరులో హిట్లర్ ఒక కాగితం మీద సంతకం చేసి, యుద్ధం మొదలైన సెప్టెంబరు 1వ తేదీని దాని మీద వేయించాడు. నయంకాని రోగులకు కారుణ్య మరణం ప్రసాదించే అధికారాన్ని కొందరు డాక్టర్లకు ఇస్తున్న కాగితమది. బెర్లిన్‌లో ఆ కార్యాలయం ఉన్న టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంటిని బట్టి ఆ పథకానికి టీ-4 అనే పేరు వచ్చింది.

అక్కడి నుంచి ఆస్పత్రులకు ఫారాలు వచ్చేవి. రోగికి ఏం జబ్బు, ఎన్నాళ్లుగా ఉన్నాడు, ఏం పని చేయగలడు అని వాటిలో అడిగేవారు. రోగి ముఖమైనా చూడకుండా డాక్టర్లు ఆ ఫారాల మీద గుర్తులు పెట్టేవారు. ఎర్ర పెన్సిలుతో కూడిక గుర్తు పెడితే చావు, నీలం పెన్సిలుతో తీసివేత గుర్తు పెడితే బతుకు. తర్వాత బూడిదరంగు బస్సులు వచ్చి రోగులను తీసుకెళ్లేవి. ఆరు కేంద్రాల్లో విషవాయువుతో చంపి, ఇళ్లకు వేరే జబ్బు పేరుతో మరణ ధ్రువపత్రాలు పంపేవారు. 1941 ఆగస్టు నాటికి ఇలా 70 వేలకు పైగా మందిని చంపారు. చేతులెత్తి ఆశీర్వదించడానికి దేవుడిచ్చిన వైద్యవృత్తి ఎక్కడికి దిగజారిందో చూడండి! బోన్‌హోఫర్ తండ్రి 1938లో పదవీ విరమణ చేశాక ఆయన కుర్చీలో కూర్చున్న మాక్స్ డి క్రినిస్ ఈ పథకానికి సహకరించిన నాజీ వైద్యుడే.

అందరూ మౌనంగా ఉండిపోలేదు. బెర్లిన్ దగ్గర లోబెటాల్‌లోని క్రైస్తవ ఆశ్రమాల అధిపతి పాస్టర్ పౌల్ బ్రౌన వివరాలన్నీ సేకరించి, 1940 జూలైలో ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. ఆగస్టులో గెస్టాపో ఆయన్ని అరెస్టు చేసి, అక్టోబరు చివరిదాకా జైల్లో ఉంచింది. వుర్టెంబర్గ్ ప్రొటెస్టెంటు బిషప్ థియోఫిల్ వుర్మ్ మంత్రికి నిరసన లేఖ రాశాడు. బోడెల్‌ష్వింగ్ ఫారాలు నింపడానికి నిరాకరించి, అధికారులతో వాదిస్తూ కాలం గడిపి, చాలామంది రోగులను దక్కించుకున్నాడు. కానీ అక్కడున్న యూదు రోగులను కాపాడలేకపోయాడు. 1941 ఆగస్టు 3న మ్యున్‌స్టర్ కేథలిక్ బిషప్ ఫాన్ గాలెన్ ప్రసంగ వేదిక మీదనుంచే ఈ హత్యలను బయటపెట్టాడు. మూడు వారాల్లో హిట్లర్ విషవాయువు కేంద్రాలను ఆపమన్నాడు. అయితే తర్వాత కూడా ఆకలితో మాడ్చి, మందులెక్కించి రోగులను చంపడం యుద్ధం ముగిసేదాకా రహస్యంగా సాగింది.

ఎట్టాల్ ఆశ్రమంలో రాసిన పేజీలు

ఈ ఏళ్లలో బోన్‌హోఫర్ ఎక్కడున్నాడు? 1933 అక్టోబరు నుంచి ఏడాదిన్నర లండన్‌లో జర్మన్ సంఘాలకు కాపరిగా ఉన్నాడు. ఇండియాకు వచ్చి గాంధీజీ దగ్గర కొంతకాలం ఉండాలని ఆశించాడు. 1934లో గాంధీజీ నుంచి ఆహ్వానం కూడా అందింది. కానీ నాజీల పెత్తనాన్ని కాదన్న ఒప్పుకోలు సంఘం తన పాస్టర్లకు శిక్షణ ఇవ్వమని పిలిచింది. ఇండియా ప్రయాణం మానుకుని 1935లో జర్మనీ వెళ్లాడు. ఆయన నడిపిన ఫింకెన్‌వాల్డ్ సెమినరీని 1937లో గెస్టాపో మూయించింది. 1939 జూన్‌లో అమెరికా స్నేహితులు ఆయన్ని న్యూయార్క్‌కు రప్పించి, సురక్షితంగా ఉండమన్నారు. తన ప్రజల కష్టంలో పాలుపంచుకోకపోతే తర్వాత వారి మధ్య సేవచేసే హక్కు తనకుండదనుకుని, కొద్దివారాల్లోనే తిరుగు ఓడ ఎక్కాడు.

1940 చివరి నెలల్లో బవేరియా కొండల్లోని ఎట్టాల్ కేథలిక్ ఆశ్రమంలో ఆయనకు ఆశ్రయం దొరికింది. ఆ చలికాలమంతా క్రైస్తవ నీతిశాస్త్రం మీద తన పుస్తకం రాస్తూ గడిపాడు. సరిగ్గా ఆ నెలల్లోనే బూడిదరంగు బస్సులు తిరుగుతున్నాయి. కారుణ్య మరణం, గర్భస్రావం, బలవంతపు ఆపరేషన్లు, ఆత్మహత్య గురించి ఆయన రాసిన పేజీలు అప్పటివే.

వాటి సారాంశం ఇది. మనిషికి బతికే హక్కు సమాజం ఇచ్చినది కాదు, దేవుడు ప్రాణమివ్వడంతోనే అది వచ్చింది. శరీరం కేవలం పనిముట్టు కాదు, అరిగిపోయాక పారేయడానికి. ఎవరివల్ల ఎంత ఉపయోగం అన్న లెక్క మొదలుపెడితే, ఆ లెక్క వేసేవాడు దేవుని స్థానంలో కూర్చున్నట్టే. ఇవాళ ఆ లెక్కలో పిచ్చివాడు పోతే, రేపు ముసలివాడు, ఎల్లుండి లెక్కవేసినవాడే పోవచ్చు. రోగి మీద దయతోనే చంపుతున్నామనేవారు నిజానికి రోగిని చూస్తున్నారా, ఆరోగ్యవంతుల సౌకర్యాన్ని చూస్తున్నారా అని ఆయన నిలదీశాడు. వాకిట్లో పడిఉన్న లాజరును గుర్తుచేసి, ఏ సామాజిక ప్రయోజనమూ లేని ఆ మనిషిని దేవుడు నిత్యజీవానికి అర్హునిగా ఎంచాడని చూపించాడు.

అలాగని ఆయన వైద్యుల కష్టం తెలియనివాడు కాదు, వైద్యుని కొడుకు! మరణాన్ని వాయిదా వేయడానికి ఉన్న ప్రతి సాధనాన్నీ ప్రతి రోగికీ వాడడం సాధ్యం కాదని ఒప్పుకున్నాడు. అయినా చనిపోతున్నవాణ్ణి శాంతిగా పోనివ్వడానికీ, బతికున్నవాణ్ణి చంపడానికీ మధ్య చెరిపేయరాని గీత ఉందన్నాడు. గర్భంలోని బిడ్డను చంపడం దేవుడిచ్చిన జీవాన్ని నాశనం చేయడమేనన్నాడు. అదే చోట, దిక్కుతోచని పేదరికంలో ఒక స్త్రీ ఆ పనికి పూనుకుంటే, దోషం చాలాసార్లు ఆమె కంటే ఆమెను ఆదుకోని సమాజానిదే ఎక్కువ అని కూడా అన్నాడు. సత్యాన్ని తగ్గించలేదు, కరుణనూ విడిచిపెట్టలేదు. రాళ్లు చేతబట్టుకుని తిరిగే మనలాంటివాళ్లు ఆగి ఆలోచించవలసిన మాట ఇది.

చక్రాన్ని ఆపబోయి

బోన్‌హోఫర్ కలానికే పరిమితం కాలేదు. బావ హాన్స్ ఫాన్ దోనానీ సైనిక గూఢచారి విభాగంలో ఉంటూ హిట్లర్‌ను కూలదోయడానికి రహస్యంగా పనిచేస్తున్నాడు. 1940లో బోన్‌హోఫర్ కూడా అందులో చేరాడు. పైకి ఆ విభాగపు ఉద్యోగి, లోపల కుట్రదారుల దూత! 1942లో స్వీడన్ వెళ్లి, ఇంగ్లండులోని చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్‌ను కలిసి, జర్మనీలో తిరుగుబాటు ప్రయత్నం ఉందని చెప్పాడు. అదే సంవత్సరం దోనానీ పథకం ద్వారా 14 మందిని, ఎక్కువమంది యూదులను, గూఢచారులనే పేరుతో స్విట్జర్లాండ్‌కు దాటించారు. ఆ డబ్బు లావాదేవీల దర్యాప్తే చివరికి వారిని పట్టించింది.

ప్రాణం దేవునిదని రాసినవాడు హిట్లర్‌ను చంపే కుట్రలో ఎలా చేరాడు? ఈ ప్రశ్న మనకు రాకమానదు. ఆయనకూ వచ్చింది. తాను చేస్తున్నది నీతి అని ఆయన చెప్పుకోలేదు. చంపడం ఎప్పుడూ అపరాధమేనని ఒప్పుకున్నాడు. కానీ వేలమంది చనిపోతుంటే తన చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కోసం పక్కకు తప్పుకోవడం మరింత పెద్ద అపరాధమనుకున్నాడు. ఆ దోషాన్ని తన మీద వేసుకుని, దేవుని కనికరం ముందు తలవంచాడు. ఆయన నిర్ణయంతో ఏకీభవించని భక్తిపరులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. హింసను సమర్థించుకోవడానికి ఆయన పేరు వాడుకోవడం మాత్రం ఆయనకు చేసే అన్యాయం. అధికారం కోసం కాదు, నోరులేనివారి కోసం ఆయన ఆ బరువు మోశాడు.

1943 జనవరిలో మరియా ఫాన్ వెడెమేయర్ అనే యువతితో ఆయనకు నిశ్చితార్థమైంది. ఏప్రిల్ 5న గెస్టాపో ఆయన్ని అరెస్టు చేసింది. బెర్లిన్‌లోని టెగెల్ సైనిక జైలులో ఏడాదిన్నర గడిచింది. బాంబుల దాడుల్లో గాయపడినవారికి అక్కడి వైద్యశాలలో సాయపడ్డాడు, భయంతో వణికే ఖైదీలకు ధైర్యం చెప్పాడు. 1944 జూలై 20న హిట్లర్ మీద జరిగిన హత్యాయత్నం విఫలమైంది. ఒక కాపలా సైనికుని సాయంతో పారిపోయే అవకాశం వచ్చింది. కానీ ఆ అక్టోబరులో అన్న క్లౌస్ అరెస్టయ్యాడు. తాను పారిపోతే కుటుంబం బలవుతుందని ఆ ఆలోచన విరమించుకున్నాడు.

1945 ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఫ్లాసెన్‌బుర్గ్ శిబిరంలో బోన్‌హోఫర్‌ను ఉరితీశారు. ఆయన వయసు 39 ఏళ్లు. రెండు వారాల తర్వాత అమెరికా సేనలు ఆ శిబిరాన్ని విడిపించాయి. దోనానీని, అన్న క్లౌస్‌ను, మరో బావ రూడిగర్ ష్లైకర్‌ను కూడా ఆ నెలలోనే చంపారు. ముసలి తల్లిదండ్రులకు కబురు చెప్పేవారు లేరు. జూలై 27న లండన్‌లో జరిగిన జ్ఞాపకార్థ ఆరాధనను బీబీసీ రేడియో ప్రసారం చేసినప్పుడు, కొడుకు ఇక లేడన్న సంగతి వారికి ఖాయంగా తెలిసింది. అసంపూర్తిగా మిగిలిన నీతిశాస్త్రాన్ని స్నేహితుడు ఎబర్‌హార్డ్ బెట్గే 1949లో పుస్తకంగా అచ్చు వేయించాడు.

మన వాకిట్లో లాజరు

ఈ జీవితం మనకేం చెబుతోంది? రాజకీయం మనకు అంటరాదని దూరంగా తొలగిపోయే సంఘం ఒకటుంది. నాయకులను వేదికెక్కించి, దండలు వేసి, స్థలాలూ నిధులూ అడిగే సంఘం మరొకటుంది. బోన్‌హోఫర్ ఈ రెండు దారుల్లోనూ నడవలేదు. సంఘానికి ఏం లాభమని కాదు, సంఘం బయట నలిగిపోతున్నవారికి ఏం జరుగుతోందని అడిగాడు. మన ఎమ్మెల్యేను, మన అధికారిని కలిసినప్పుడు మనం ఏ ప్రశ్న అడుగుతున్నామో ఒకసారి పరీక్షించుకుందాం.

విలువ కట్టే లెక్క నాజీలతో అంతమైపోలేదు. అది మన ఇళ్లలోకి చప్పుడు లేకుండా వస్తుంది. గర్భంలో ఉన్నది ఆడపిల్ల అయితే వద్దనుకోవడం కూడా ఆ లెక్కే. దాన్ని ఆపడానికి మన దేశంలో 1994లోనే చట్టం చేయాల్సివచ్చింది. మంచాన పడిన అత్తగారి మందుల ఖర్చు దండగ అనుకోవడం కూడా ఆ లెక్కే. నయంకాని స్థితిలో ఉన్న రోగికి కృత్రిమ సాధనాలు తొలగించడాన్ని నిబంధనలతో అనుమతిస్తూ 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఐసీయూ గుమ్మం ముందు నిర్ణయం చేయాల్సిన కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వారికి నాలుగు వాక్యాలు చదివి వచ్చేస్తే సరిపోదు. మరణాన్ని అంగీకరించడానికీ, మనిషిని వదిలించుకోవడానికీ మధ్య ఉన్న గీతను వారు గుర్తించేలా పక్కన కూర్చోవాలి, బిల్లులో కొంతైనా మోయాలి.

మరొక్క మాట. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను కన్నవారితో, ఎవరి పాపఫలం ఇది అనే మాట మన మధ్య ఇప్పటికీ వినబడుతోంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు ఆ ప్రశ్నే అడిగితే ప్రభువు ఒప్పుకోలేదని మర్చిపోతున్నాం. ఆ బిడ్డ ఆరాధనలో గట్టిగా అరిస్తే వెనక్కి తిరిగి చూస్తాం. ఆ చూపు తట్టుకోలేక తల్లి మెల్లగా చర్చి మానేస్తుంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, కానీ ఆమె స్థలం ఖాళీ అయింది. బెతేల్‌లో బోన్‌హోఫర్ చూసిన ఆరాధనలో, పడిపోయేవారిని పట్టుకోవడానికి పక్కన మనుషులు కూర్చున్నారు. మన మందిరాల్లో ఆ తల్లి పక్కన కూర్చోవడానికి వచ్చే ఆదివారం ఎవరు లేస్తారు?